కొల్లాజినేజ్‌తో టిష్యూలోంచి సెల్స్ తీయడం ఎలా: కొవ్వుతో మొదలుపెడదాం

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు కొల్లాజినేజ్ (సెల్స్‌ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్) గురించి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, ఎన్ని ఎంజీ వెయ్యాలి ఎంతసేపు పెట్టాలి అని. పేపర్‌లో 0.1 శాతం, 37 డిగ్రీలు, ఒక గంట అని రాసుంటుంది, అదే దింపేస్తారు, ఒకసారి బ్రహ్మాండంగా వస్తాయి, పక్కవారం అదే మనిషి అదే ప్రోటోకాల్ చేస్తే సగం సెల్స్ చచ్చి ఉంటాయి. అప్పుడు బఫర్ మీద అనుమానం, ఇంక్యుబేటర్ మీద అనుమానం, చివరికి ఎలుక మీద కూడా అనుమానం. నేను చెప్పేది రెండే: ఎంజీ లెక్క పక్కనపెట్టి యూనిట్లలో, అంటే ఎంజైమ్ ఎంత పనిచేస్తుందో కొలిచే లెక్కలో వెయ్యండి, టైమ్ అయిందా లేదా అన్నది ట్యూబ్‌ని చూసి తేల్చుకోండి. మిగతాదంతా ఈ రెండిటి చుట్టూ తిరిగేదే.

నేర్చుకోడానికి కొవ్వు అంత మంచి టిష్యూ ఇంకోటి లేదు. మెత్తగా ఉంటుంది, కత్తెరకి ఇట్టే తెగుతుంది, కొల్లాజెన్ పల్చటి పొరలుగానే ఉంటుంది, పైగా సెంట్రిఫ్యూజ్ చేశాక ఏది ఎక్కడికి పోయిందో కంటికే కనిపిస్తుంది. చరిత్ర కూడా ఇక్కడే ఉంది, 1964లో మార్టిన్ రాడ్‌బెల్ అమెరికాలో ఎలుక కొవ్వు మీద కొల్లాజినేజ్ వేసి బతికున్న ఫ్యాట్ సెల్స్ విడివిడిగా తీసి చూపించాడు, అవి పైకి తేలితే మిగతా సెల్స్ అడుగున దిగాయి. ఆ సెల్స్ మీద హార్మోన్లు ఎలా పనిచేస్తున్నాయో చూస్తూ పోయినవాడే తర్వాత జీ ప్రోటీన్ల (బయటి సంకేతాన్ని సెల్ లోపలికి చేర్చే ప్రోటీన్లు) పనికి 1994లో నోబెల్ పంచుకున్నాడు. తర్వాత 2001లో కాలిఫోర్నియా వాళ్ళు లైపోసక్షన్‌లో తీసి పారేసే కొవ్వు నుంచి ఇదే పద్ధతిలో స్టెమ్ సెల్ లాంటి సెల్స్ తీశారు, వాళ్ళు వాడింది 0.075 శాతం, అరగంట. ఇప్పుడు మనం చేసేది కూడా దాదాపు అదే, అడుగున దిగే సెల్స్ తీయడం, దాన్నే అందరూ ఎస్‌వీఎఫ్ అంటారు, అంటే స్ట్రోమల్ వాస్క్యులర్ ఫ్రాక్షన్.

పనిలోకి దిగేముందు కాగితాలు. ఎలుక అయితే మీ ఇన్‌స్టిట్యూట్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అప్రూవల్ ఉండాలి, లైపోసక్షన్ కొవ్వు అయితే హ్యూమన్ ఎథిక్స్ కమిటీ అప్రూవల్, పేషెంట్ సంతకంతో కన్సెంట్, రెండూ. సర్జన్ గారు తెలిసినాయనే కదా అని ఊరికే సీసాలో పట్టించుకొచ్చేస్తే రేపు పేపర్ రాసేటప్పుడు తల పట్టుకోవాలి. మనిషి టిష్యూ ముట్టుకునేవాళ్ళు హెపటైటిస్ బి టీకా వేయించుకుని ఉండాలి, పని మొత్తం బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే. ఇంకొకటి, ఇలా తీసిన సెల్స్ ల్యాబ్ పనికే. మోకాళ్ళ నొప్పికీ బట్టతలకీ ఎక్కిస్తాం అని బోర్డులు పెట్టేవాళ్ళ సంగతి వేరు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ చదివితే రక్తం తయారుచేసే స్టెమ్ సెల్స్ మార్పిడి తప్ప మిగతావేవీ మామూలు వైద్యం కిందకి రావని స్పష్టంగా ఉంది.

ఈ ఎంజైమ్ అసలు ఏం చేస్తుంది

కొల్లాజెన్ అంటే మూడు పేటలు మెలిపెట్టిన తాడు లాంటి ప్రోటీన్, ప్రతి మూడో అమైనో యాసిడ్ గ్లైసీన్. ప్రోటీన్లని కోసే మామూలు ఎంజైమ్ ట్రిప్సిన్ దీన్ని మెలి ఉన్నంతసేపూ కొయ్యలేదు. మన ఒంట్లో ఉండే కొల్లాజినేజ్‌లు కూడా ఒక్కచోటే కోస్తాయి, పెద్దముక్క చిన్నముక్క రెండుగా. మనం సీసాలో కొనేది మాత్రం క్లాస్ట్రిడియం హిస్టోలిటికం అనే బ్యాక్టీరియాది, ఇప్పుడు దాని పేరు మార్చి హాతెవేయా అంటున్నారు, సీసాల మీద పాత పేరే ఉంటుంది. ఇది గ్లైసీన్ ముందు ఎక్కడ దొరికితే అక్కడ కోసుకుంటూ పోతుంది, అందుకే టిష్యూ మొత్తం విడిపోతుంది.

దీనికి రెండు లోహాలు కావాలి. కొయ్యడానికి జింక్, అది ఎంజైమ్ లోపలే ఉంటుంది. ఎంజైమ్ నిలబడటానికి కాల్షియం, అది మీరే బఫర్‌లో ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తిప్పలు తప్పుతాయి, ఎందుకంటే ల్యాబ్‌లో చేతికందే పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీటి బఫర్) కాల్షియం ఉండదు, ఈడీటీఏ ఉన్న బఫర్ అయితే ఉన్న కాల్షియం కూడా లాగేస్తుంది. డీటీటీ, సిస్టీన్ లాంటివి కూడా దీన్ని పడుకోబెట్టేస్తాయి. ఎంజైమ్ పనిచెయ్యట్లేదు, కంపెనీవాడు మోసం చేశాడు అని మెయిల్ పెట్టేముందు ఒక్కసారి దేంట్లో కరిగించారో చూసుకోండి.

అసలు విషయం ఇంకోటుంది. సీసాలో ఉన్నది శుద్ధమైన కొల్లాజినేజ్ కాదు. బ్యాక్టీరియా వదిలిన రసాన్ని కొంత శుభ్రం చేసి ఎండబెట్టిన పొడి, అందులో రెండు రకాల కొల్లాజినేజ్‌లతో పాటు క్లాస్ట్రిపెయిన్, ట్రిప్సిన్ లాంటిది, ఇంకా మామూలు ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లు) కూడా ఉంటాయి. ఇవి మలినాలు కదా అని తీసేస్తే బాగుంటుందా అంటే, ఉండదు, పూర్తిగా శుద్ధి చేసిన కొల్లాజినేజ్ ఒక్కటే వేస్తే చాలా టిష్యూలు సరిగ్గా విడిపోవు, ఎందుకంటే సెల్స్ మధ్య ఉండేది కొల్లాజెన్ ఒక్కటే కాదు. ఆ మిగతా ఎంజైమ్‌లు ఎంత పాళ్ళలో ఉన్నాయన్నదాన్ని బట్టే టైప్ 1, టైప్ 2 అని పేర్లు. టైప్ 1 అన్నీ సమంగా ఉండేది, కొవ్వుకీ ఊపిరితిత్తులకీ వాడతారు. టైప్ 2లో క్లాస్ట్రిపెయిన్ ఎక్కువ, గుండె, ఎముక, కండ, కార్టిలేజ్ లాంటి గట్టివాటికి. టైప్ 3లో మిగతా ప్రోటియేజ్‌లు తక్కువ. టైప్ 4లో ట్రిప్సిన్ పని తక్కువ, సెల్ పైన ఉండే రిసెప్టర్లు పోకూడదు అనుకున్నప్పుడు, ఐలెట్స్ (ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే సెల్ గుత్తులు) లాంటివాటికి. కొల్లాజెన్ టైప్ 1, టైప్ 2తో ఈ నంబర్లకి ఏ సంబంధమూ లేదు, కార్టిలేజ్‌లో కొల్లాజెన్ 2 ఉంది కాబట్టి టైప్ 2 ఎంజైమ్ అని చాలామంది అనుకుంటారు, పేర్లు అలా కలిశాయంతే.

యూనిట్ల లెక్క

సీసా మీద ఒక మిల్లీగ్రాముకి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, ఒక లాట్‌లో (ఒక విడత తయారీ) 150, ఇంకో లాట్‌లో 250, ఒకే కంపెనీ ఒకే క్యాటలాగ్ నంబర్ అయినా సరే. ఇప్పుడు మీరు గుడ్డిగా 0.1 శాతం, అంటే ఎంఎల్‌కి 1 ఎంజీ కలిపారనుకోండి, మొదటి లాట్‌తో ఎంఎల్‌కి 150 యూనిట్లు, రెండోదాంతో 250. పేపర్ ప్రకారం రెండూ ఒకటే, టిష్యూకి మాత్రం కాదు.

కొవ్వుకి నేను ఎంఎల్‌కి 200 యూనిట్ల దగ్గర మొదలుపెడతాను. 2 గ్రాముల కొవ్వుకి 6 ఎంఎల్ ఎంజైమ్ అనుకుంటే మొత్తం 1200 యూనిట్లు కావాలి, 250 లాట్ అయితే 4.8 ఎంజీ, 150 లాట్ అయితే 8 ఎంజీ. ఇంతే లెక్క. కాకపోతే యూనిట్ అన్నా అన్నిచోట్లా ఒకటే కాదు, కొన్ని కంపెనీలు అసలు కొల్లాజెన్‌ని 37 డిగ్రీల దగ్గర 5 గంటలు కరిగించి కొలిచే సీడీయూ ఇస్తాయి, కొన్ని చిన్న సింథటిక్ పెప్టైడ్ మీద కొలిచే వున్ష్ యూనిట్ ఇస్తాయి, రెండిటి అంకెలూ ఎక్కడా పొంతన ఉండవు. పేపర్‌లో వున్ష్ యూనిట్లు ఉండి మీ సీసా మీద సీడీయూ ఉంటే నేరుగా దింపొద్దు.

పైగా యూనిట్లు సరిపోయినా మిగతా ప్రోటియేజ్‌ల పాళ్ళు లాట్ లాట్‌కీ మారతాయి కాబట్టి కొత్త లాట్ వస్తే చిన్న ట్రయల్ తప్పదు. ఒకే కొవ్వుని నాలుగు ట్యూబ్‌లలో పంచి 100, 200, 300, 400 యూనిట్లు వేసి, ప్రతిదాంట్లో గ్రాముకి ఎన్ని సెల్స్ వచ్చాయి, ఎంత శాతం బతికాయి అని రాసుకోండి, ఎక్కువ సెల్స్ వచ్చిన ట్యూబ్‌లో వయబిలిటీ పడిపోయి ఉంటే దాని కింది మెట్టు మీది. చాలా కంపెనీలు శాంపిల్ లాట్ పంపిస్తాయి, నచ్చితే ఆ లాట్‌ని మీ పేరు మీద కొన్నాళ్ళు పక్కన పెట్టమంటే పెడతాయి కూడా, అడగాలి అంతే. మన దగ్గర ఇంకో బాధ ఉంది, మే నెలలో వచ్చే కొరియర్. ఆర్డర్ పెట్టేటప్పుడే సోమవారమో మంగళవారమో చేరేలా పంపమనండి, శుక్రవారం సాయంత్రం స్టోర్స్‌లో దిగి సోమవారం దాకా బల్ల మీద కూర్చున్న డబ్బాలో ఐస్ ఉండదు, ఉన్నా గోరువెచ్చగా ఉంటుంది.

ఎంజైమ్ కలపడం

సీసాని ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే మూత తియ్యొద్దు. చల్లటి పొడి మీద గాల్లో తేమంతా వాలిపోతుంది, మన వానాకాలంలో అయితే చెప్పక్కర్లేదు, పొడి గోధుమరంగు ముద్దలా కడుతుంది, తర్వాత ఆ సీసాలో ఎన్ని యూనిట్లున్నాయో దేవుడికే తెలియాలి. మూతతోనే డెసికేటర్‌లో పెట్టి రూమ్ టెంపరేచర్‌కి వచ్చాక తెరవండి. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి, ఈ పొడి పీలిస్తే కొంతమందికి ఆస్తమా లాంటి అలర్జీ వస్తుంది, ఫ్యాన్ కట్టేసి మెల్లగా తూచండి. వీలైతే సీసా మొత్తాన్ని ఒకేసారి ఎక్కువ స్ట్రెంగ్త్‌లో కరిగించి చిన్న చిన్న ఆలికోట్లు, అంటే విడి వాటాలు చేసి మైనస్ 20లో పెట్టేసుకోవడం నయం, ఒక ఆలికోట్ ఒక్క వాడకానికే, కరిగింది మళ్ళీ గడ్డకట్టించొద్దు.

బఫర్ సంగతి. కాల్షియం, మెగ్నీషియం ఉన్న హెచ్‌బీఎస్ఎస్ (హ్యాంక్స్ ఉప్పు ద్రావణం) తీసుకోండి, అందులో కాల్షియం సుమారు 1.26 మిల్లీమోలార్ ఉంటుంది, దానికి 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ స్టాక్ నుంచి ఎంఎల్‌కి 2 మైక్రోలీటర్లు కలిపితే 3 దాటుతుంది, హాయిగా పనిచేస్తుంది. ఇదే కాల్షియం పీబీఎస్‌లో కలపాలని చూస్తే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా మబ్బు పడుతుంది, అందుకే పీబీఎస్ కడగడానికే. 10 నుంచి 25 మిల్లీమోలార్ హెపీస్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచేది) వెయ్యండి, లేదంటే ఇంక్యుబేటర్ బయట బైకార్బనేట్ బఫర్ గులాబీ నుంచి వంకాయరంగుకి పోతుంది, అంటే పీహెచ్ ఎక్కిపోతోందని. చివరిగా 1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్), కొవ్వు విషయంలో ఇది మానొద్దు, ఫ్యాట్ సెల్స్ పగిలినప్పుడు వదిలే ఫ్యాటీ యాసిడ్స్ సబ్బులా పనిచేసి మిగతా సెల్స్‌ని చంపుతాయి, వాటిని బీఎస్ఏ పట్టేసుకుంటుంది.

కలిపాక ఐస్ మీద అరగంట వదిలేస్తే మెల్లగా కరుగుతుంది, వోర్టెక్స్ పెట్టి నురగ తెప్పించకండి. తర్వాత 0.22 మైక్రాన్ ఫిల్టర్, ప్రోటీన్ అంటుకోని పీఈఎస్ రకం. పొడిలో కరగని చెత్త ఉంటుంది కాబట్టి నేరుగా 0.22 వేస్తే మూసుకుపోతుంది, ముందు 0.45 వేసి ఆ తర్వాత వెయ్యండి. ఆటోక్లేవ్ చేద్దామని ఎవరైనా అంటే వాళ్ళని మర్యాదగా పక్కకి తీసుకెళ్ళండి.

కొవ్వు కోయడం

ఎలుక అయితే వృషణాల పక్కనుండే ఎపిడిడైమల్ ఫ్యాట్ ప్యాడ్ తీస్తారు, తియ్యడం తేలిక, రక్తం తక్కువ. తీసిన వెంటనే రూమ్ టెంపరేచర్ పీబీఎస్‌లో వెయ్యండి, అందులో యాంటీబయోటిక్ ఉంటే మంచిది. ఐస్ మీద ఎక్కువసేపు ఉంచితే కొవ్వు గడ్డకట్టి కత్తెరకి జారుతుంది, విడివిడి ఫ్యాట్ సెల్స్ కావాలనుకుంటే అసలు చల్లబరచకండి. కనిపించే రక్తనాళాలు, ఎపిడిడిమిస్ ముక్కలు తీసి పారేయండి.

లైపోసక్షన్ కొవ్వు అయితే కొయ్యక్కర్లేదు, కడగడమే పెద్ద పని. సర్జరీలో ఎక్కించే ద్రవంలో లిడోకెయిన్, అడ్రినలిన్ ఉంటాయి, లిడోకెయిన్ సెల్స్‌కి మంచిది కాదు, రక్తం కూడా బోలెడు. సమానం పీబీఎస్ పోసి ఊపి, కొవ్వు పైకి తేలేదాకా వదిలి, అడుగున ఎర్రనీళ్ళు పీకేసి, మళ్ళీ పోసి, అలా కింద నీళ్ళు లేత పసుపుకి తిరిగేదాకా చెయ్యండి.

కోసేటప్పుడు పెట్రీ డిష్‌లో ఒకటి రెండు చుక్కల ఎంజైమ్ బఫర్ వేసి వంపు కత్తెరలు రెండు పట్టుకుని ఎదురెదురుగా కొయ్యండి, ముక్కలు 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండాలి. కత్తెర పదునుగా ఉండాలి, మొద్దుబారిన కత్తెర కొయ్యదు, నలుపుతుంది, అప్పుడు డిష్ అంచులకి పసుపు నూనె చేరుతుంది, అది కనిపించిందంటే ఎంజైమ్ వెయ్యకముందే సెల్స్ పోయినట్టు. మరీ పేస్టు చెయ్యొద్దు. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండటం ముఖ్యం, పెద్ద ముక్క ఒకటి మిగిలిపోతే అది కరిగేదాకా మీరు ఆగుతారు, ఈలోపు ముందే విడిపోయిన సెల్స్ ఎంజైమ్‌లో నానుతుంటాయి.

37 డిగ్రీల దగ్గర అసలు పని

1 గ్రాము కొవ్వుకి 3 ఎంఎల్ ఎంజైమ్, లైపోసక్షన్ అయితే సమానం సమానం చాలు. ఎంజైమ్ ముందే 37కి వేడెక్కి ఉండాలి. 50 ఎంఎల్ ట్యూబ్‌లో మూడోవంతు మించి నింపకండి, నిండా పోస్తే లోపల కదలదు, ట్యూబ్‌ని పడుకోబెట్టి షేకర్ వాటర్ బాత్‌లో నిమిషానికి 100 దగ్గర తిప్పండి. మూతకి పార్‌ఫిల్మ్ చుట్టండి, బాత్ నీళ్ళు లోపలికి పోతే ఇక కంటామినేషన్ ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు.

20 నిమిషాలకి మొదటిసారి తీసి చూడండి. లైటుకి ఎదురుగా పెట్టి ట్యూబ్‌ని మెల్లగా వంచండి. మొదట్లో ముక్కలు విడివిడిగా, అంచులు తెలిసేలా గోడ మీద జారతాయి, మధ్యలో ద్రవం తేటగా ఉంటుంది. తర్వాత ద్రవం మబ్బు పడుతుంది, ముక్కల అంచులు మెత్తబడి ఒకదానికొకటి కలిసిపోతాయి. అయిపోవచ్చినప్పుడు ముక్కలు కనపడవు, మొత్తం చిక్కటి పాలిపోయిన పసుపు ద్రవంలా ఒకేలా కారుతుంది, అక్కడక్కడా రక్తనాళాల తెల్ల నూలుపోగులు మాత్రం తేలుతుంటాయి. అక్కడ ఆపండి. ఆ నూలుపోగులు కూడా కరగాలని కూర్చోవద్దు, అవి ఫిల్టర్‌లో పోతాయి. పైన నూనె పొర మందం పెరుగుతూ ఉంటే ఫ్యాట్ సెల్స్ పగులుతున్నాయని, ఆలస్యం అయిందని. 20 తర్వాత ప్రతి 10 నిమిషాలకీ చూడండి, ఎలుక కొవ్వు మామూలుగా 30 నుంచి 45 మధ్యలో అయిపోతుంది, ముసలి ఎలుక, లావు ఎలుక అయితే ఫైబ్రోసిస్ ఉంటుంది, గంట పట్టొచ్చు. అనుమానంగా ఉంటే ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద చూడండి, ఇంకా గుత్తులు గుత్తులుగా ఉంటే కొంచెం ఆగొచ్చు, ఒంటరి సెల్స్ నిండా ఉండి వాటి చుట్టూ చిరిగిన ముక్కలు తేలుతుంటే చాలు. తక్కువ కరిగిన ట్యూబ్‌ని మళ్ళీ పెట్టొచ్చు, ఎక్కువ కరిగినదాన్ని ఏం చెయ్యలేం.

ఆపడం గురించి ఒక మాట. అందరూ 10 శాతం ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరమ్) ఉన్న మీడియా, అంటే సెల్స్ పెంచే ద్రవం పోసి ఎంజైమ్ ఆగిపోయింది అనుకుంటారు, ట్రిప్సిన్ అలవాటు అది. సీరమ్‌లో ట్రిప్సిన్ రకాలని ఆపేవి గట్టిగానే ఉంటాయి, కొల్లాజినేజ్‌ని మాత్రం పూర్తిగా ఆపదు, కొంత పట్టుకుంటుంది అంతే. నిజంగా ఆపేది చల్లదనం, పల్చన చెయ్యడం, కడిగేయడం. అందుకే సమానం కన్నా ఎక్కువే చల్లటి మీడియా పొయ్యండి, వెంటనే స్పిన్‌కి వెళ్ళండి, మధ్యలో టీకి వెళ్ళొద్దు. ఫ్లో సైటోమెట్రీకి (రంగు అంటించిన సెల్స్‌ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూడటం) వెళ్ళే సెల్స్ అయితే 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌తో కడిగితే కాల్షియం పోయి ఎంజైమ్ చచ్చినట్టే.

స్పిన్, ఫిల్టర్, లెక్క

100 మైక్రాన్ మెష్‌లోంచి పొయ్యండి, చిక్కుకుంటే పిస్టన్‌తో నొక్కి తొయ్యొద్దు, పక్కన ఇంకో మెష్ పెట్టుకోండి. తర్వాత 400 జీ, 10 నిమిషాలు. ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కాదు, జీ, అంటే భూమి గురుత్వాకర్షణకి ఎన్ని రెట్లు అని. మీ రోటర్ రేడియస్ 16 సెంటీమీటర్లయితే 1500 ఆర్‌పీఎం దగ్గర సుమారు 400 జీ వస్తుంది, వేరే రోటర్ అయితే వేరే ఆర్‌పీఎం, ఫార్ములా 1.118 ఇంటూ రేడియస్ ఇంటూ ఆర్‌పీఎం స్క్వేర్ బై లక్ష.

బయటికి తీస్తే పైన నూనె, దాని కింద తెల్లటి ఫ్యాట్ సెల్స్ పొర, మధ్యలో లేత టీ రంగు ద్రవం, అడుగున ఎర్రటి చిన్న పెల్లెట్. ఇప్పుడు పారబొయ్యకుండా ఒక 10 సెకన్లు గట్టిగా ఊపి మళ్ళీ అదే స్పిన్ ఇవ్వండి, తెల్లపొరలో ఇరుక్కున్న ఎస్‌వీఎఫ్ సెల్స్ కూడా కిందకి వస్తాయి, ఈ ఒక్క స్టెప్పుతో గ్రాముకి వచ్చే లెక్క బాగానే పెరుగుతుంది, చాలా ప్రోటోకాల్స్‌లో ఒక లైన్‌లో రాసి వదిలేస్తారు. పీకేటప్పుడు పైనుంచి కిందకి, ముందు నూనె, తర్వాత పైపెట్ మార్చి మిగతాది. అదే పైపెట్‌తో కిందకి దిగితే నూనె పెల్లెట్‌కి అంటుకుని తర్వాత డిష్ నిండా నూనె చుక్కలు.

ఫ్యాట్ సెల్స్ కావాలనుకున్నవాళ్ళు ఇంత గట్టిగా తిప్పకూడదు, 50 జీ ఒక్క నిమిషం చాలు, లేదా ఊరికే నిలబెట్టినా తేలతాయి. గాజుకి తగిలితే పగిలిపోతాయి కాబట్టి అన్నీ ప్లాస్టిక్, టిప్పు కొస కత్తిరించి పెద్ద రంధ్రం చేసుకోండి.

పెల్లెట్ ఎర్రగా ఉంటుంది కదా, 160 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్‌లో రూమ్ టెంపరేచర్‌లో 5 నుంచి 10 నిమిషాలు, తర్వాత బోలెడు పీబీఎస్ పోసి స్పిన్. పెల్లెట్ తెల్లబడుతుంది, అమ్మో ఇంతేనా అనిపించేంత చిన్నదవుతుంది, కంగారుపడకండి, పోయింది ఎర్రకణాలే. చివరగా 40 మైక్రాన్ మెష్, తర్వాత లెక్క.

0.4 శాతం ట్రిపాన్ బ్లూతో (చచ్చిన సెల్స్‌లోకే వెళ్ళే నీలం రంగు) సమానం కలిపి 5 నిమిషాల్లోపే చూడండి, ఎక్కువసేపు ఉంచితే బతికున్నవి కూడా నీలం తాగడం మొదలుపెడతాయి. హీమోసైటోమీటర్ (సెల్స్ లెక్కపెట్టే గళ్ళ పలక) నాలుగు మూలల గళ్ళలో కలిపి 120 తెల్లవి, 12 నీలివి ఉన్నాయనుకోండి. గడికి సగటు 30, దాన్ని 2తో, ఆ తర్వాత 10,000తో గుణిస్తే ఎంఎల్‌కి 6 లక్షలు. వయబిలిటీ 120 బై 132, దాదాపు 91 శాతం. 80 కిందికి పోతే ఆ రోజు ప్రయోగం ముందుకి తీసుకెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం, చచ్చిన సెల్స్ యాంటీబాడీలని ఇష్టమొచ్చినట్టు పట్టుకుని డేటా అంతా చెడగొడతాయి.

ప్లేట్ చేసేవాళ్ళు 10 శాతం ఎఫ్‌బీఎస్ మీడియాలో వేసి, మర్నాడు పీబీఎస్‌తో కడిగి మీడియా మార్చండి, అంటుకోనివి పోతాయి, రెండు మూడు రోజుల్లో పొడుగ్గా సన్నగా ఉండే సెల్స్ పరుచుకోవడం కనిపిస్తుంది. ఫ్లో చేసేవాళ్ళకి మనిషి ఎస్‌వీఎఫ్‌లో సీడీ45 లేని, సీడీ31 లేని, సీడీ34 ఉన్న గుంపు కావాలి, ఇవి సెల్ పైన ఉండే గుర్తులు, వీటినే మార్కర్లు అంటారు. ఒక మార్కర్ కనిపించకపోతే సెల్ మీద అసలు లేదా, ఎంజైమ్ కోసేసిందా అన్నది తేల్చుకోవాలంటే, ఆ మార్కర్ కచ్చితంగా ఉన్న సెల్స్ తీసుకోండి, రక్తంలో తెల్లకణాలో స్ప్లీన్ సెల్సో, సగం మామూలుగా, సగం అదే ఎంజైమ్‌లో అంతేసేపు పెట్టి రెండూ స్టెయిన్ చెయ్యండి. రెండోదాంట్లో సిగ్నల్ పడిపోతే దోషం ఎంజైమ్‌ది.

తేడా కొట్టినప్పుడు

ఎక్కువగా వచ్చే ఫోన్ జిగురు గురించి. ట్యూబ్‌లో బెండకాయ జిగురులా తీగలు సాగుతుంటాయి, సెల్స్ అన్నీ దానికే అంటుకుని ముద్ద కట్టేస్తాయి, పైపెట్‌లోకి లాగితే మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. అది చచ్చిన సెల్స్‌లోంచి బయటికొచ్చిన డీఎన్ఏ. డీఎన్ఏజ్ 1 కొంచెం, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో, 5 నుంచి 10 నిమిషాలు ఇస్తే కరిగిపోతుంది, ఈడీటీఏ బఫర్‌లో వేస్తే మళ్ళీ పనిచెయ్యదు. జిగురు ప్రతిసారీ వస్తోందంటే మందు డీఎన్ఏజ్ కాదు, కత్తెర మొద్దుబారిందో, యూనిట్లు ఎక్కువయ్యాయో, టైమ్ ఎక్కువైందో చూసుకోవాలి.

అసలు కరగట్లేదంటే ముందు కాల్షియం, తర్వాత బాత్‌లో నిజంగా 37 ఉందా అని థర్మామీటర్ ముంచి చూడటం, డిస్‌ప్లే మాట నమ్మొద్దు, ఆ తర్వాత ముక్కల సైజు, చివరగా పాత ఆలికోట్ అనుమానం. బాగా కరిగింది కానీ సెల్స్ తక్కువ అంటే చాలాసార్లు సెల్స్ తెల్లపొరలోనో మెష్ మీదో ఉండిపోయి ఉంటాయి, ఆ మెష్‌ని మీడియాతో కడిగి చూడండి.

ఇదే పద్ధతిని వేరే టిష్యూకి తీసుకెళ్ళేటప్పుడు అంకెలు మారతాయి, తర్కం మారదు. కార్టిలేజ్ గట్టిది, కొల్లాజెన్ చుట్టూ ప్రోటియోగ్లైకాన్లు దట్టంగా ఉంటాయి కాబట్టి ముందు గంటసేపు ప్రోనేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌ల మిశ్రమం) వేసి, తర్వాత టైప్ 2ని తక్కువ స్ట్రెంగ్త్‌లో రాత్రంతా పెడతారు, మటన్ షాపులో దొరికే మేక మోకాలి కీలు మీద ప్రాక్టీస్ చెయ్యొచ్చు. బొడ్డుతాడు సిర అయితే కొయ్యడమే ఉండదు, సిరలోకే ఎంజైమ్ పోసి రెండు చివరలూ బిగించి పది పదిహేను నిమిషాల్లో లోపలి పొర సెల్స్ మాత్రం కడిగేస్తారు, ఎక్కువసేపు ఉంచితే కింది పొర కండ సెల్స్ కూడా వచ్చి కల్చర్ కలగాపులగం అవుతుంది. లివర్ అయితే పోర్టల్ వెయిన్‌లోంచి ముందు ఈజీటీఏ ఉన్న బఫర్ పంపి కాల్షియం లాగేసి సెల్స్ మధ్య అతుకులు వదులు చేస్తారు, తర్వాత కాల్షియంతో కలిపి కొల్లాజినేజ్ పంపుతారు, ఈ రెండింటి మధ్య ఈజీటీఏ సరిగ్గా కడిగి పోగొట్టకపోతే ఎంజైమ్‌కి కాల్షియం అందక లివర్ రాయిలా అలాగే ఉంటుంది. మెదడులో కొల్లాజెన్ పెద్దగా ఉండదు, న్యూరాన్లు కావాలంటే పపెయిన్ (బొప్పాయి నుంచి వచ్చే ఎంజైమ్) కొనుక్కోండి.